డీడీఎల్‌జే అవార్డులు, నామినేషన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

'దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే' (డీడీఎల్‌జే) 1995 అక్టోబర్ 20న దీపావళికి వచ్చింది. అప్పటి నుంచి ఈ సినిమాకి ఎన్ని అవార్డులొచ్చాయి, ఏవి పోయాయి, ఎవరి వల్ల పోయాయి అనే గొడవ మా ఫ్రెండ్స్ గ్రూపులో ఏడాదికోసారైనా లేస్తుంది. ఒకడు పది అంటాడు, ఇంకొకడు పద్నాలుగు అంటాడు, మూడోవాడు షారుఖ్‌కి నేషనల్ అవార్డు కూడా వచ్చిందని పందెం కాస్తాడు. చెప్పిందే చెప్పి విసుగొచ్చి, అందరూ అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

అసలు ఎన్ని ఫిల్మ్‌ఫేర్ అవార్డులు వచ్చాయి?

పది. 41వ ఫిల్మ్‌ఫేర్ వేడుకలో, 1996లో. పద్నాలుగు అనేది నామినేషన్ల సంఖ్య, అవార్డులది కాదు. ఈ రెండిటినీ కలిపేసి "పద్నాలుగు అవార్డుల సినిమా" అని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, అక్కడే మొదలవుతుంది గందరగోళం.

ఇంకో మాట. పద్నాలుగులోంచి పది తీసేసి "నాలుగు ఓడిపోయింది" అని లెక్క కట్టే ముందు కొంచెం ఆగండి. ఒకే విభాగంలో ఒక సినిమాకి రెండు నామినేషన్లు రావచ్చు, ఒకే ఏడాది ఒకే హీరో రెండు సినిమాలతో తనమీద తనే పోటీ పడొచ్చు. పైగా ఆ రోజుల్లో కెమెరా, ఎడిటింగ్ లాంటి వాటికి ముందు నామినేషన్ల జాబితా ప్రకటించేవాళ్లు కాదు, నేరుగా విజేత పేరే చదివేవాళ్లు. అందుకని ఫిల్మ్‌ఫేర్ లెక్కల్లో తీసివేత అన్నిసార్లూ కుదరదు.

ఆ పది ఏవి?

ఉత్తమ చిత్రం. ఉత్తమ దర్శకుడు ఆదిత్య చోప్రా. ఉత్తమ నటుడు షారుఖ్ ఖాన్, ఉత్తమ నటి కాజోల్. సహాయ నటి ఫరీదా జలాల్. హాస్య పాత్రకి అనుపమ్ ఖేర్. గీత రచనకి ఆనంద్ బక్షీ, పాట 'తుఝే దేఖా తో'. గాయకుడిగా ఉదిత్ నారాయణ్, పాట 'మెహందీ లగా కే రఖ్‌నా'. స్క్రీన్‌ప్లేకి మళ్లీ ఆదిత్య చోప్రానే. సంభాషణలకి ఆదిత్య చోప్రా, జావేద్ సిద్దిఖీ కలిపి.

ఒకసారి మళ్లీ చదవండి. ఇందులో కెమెరా లేదు, ఎడిటింగ్ లేదు, కళా దర్శకత్వం లేదు. స్విట్జర్లాండ్ మంచు, పంజాబ్ ఆవాల చేలు అంతగా కంట్లో నిలిచిపోయిన సినిమాకి ఫొటోగ్రఫీ అవార్డు రాలేదు. వచ్చినవన్నీ రాతకీ, నటనకీ, పాటకీ, వాటన్నిటినీ నడిపించినవాడికీ. నాకైతే ఇది సరైన తీర్పే అనిపిస్తుంది. ఈ సినిమా బలం కొండల్లో లేదు, మనుషులు మాట్లాడుకునే తీరులో ఉంది.

ఇది 1995 అవార్డా, 1996 అవార్డా?

సినిమా 1995ది, వేడుక 1996ది. కొందరు సినిమా వచ్చిన ఏడాది రాస్తారు, కొందరు ట్రోఫీ ఇచ్చిన ఏడాది రాస్తారు. క్విజ్‌లో అడిగితే "41వ ఫిల్మ్‌ఫేర్" అనండి, ఎవరూ గొడవ పడరు. మా కాలేజీలో ఒకసారి ఇదే ప్రశ్నకి నేను 1996 అన్నాను, క్విజ్ మాస్టర్ కాగితంలో 1995 అని ఉంది, రెండు మార్కులు పోయాయి. ఇప్పటికీ మండుతుంది.

పది అవార్డులు అప్పట్లో రికార్డేనా?

రికార్డే. అంతకు ముందు బిమల్ రాయ్ 'మధుమతి' తొమ్మిది అవార్డులతో ముందుంది. అది 1958 సినిమా. దాదాపు 37 ఏళ్లు ఆ తొమ్మిదిని ఎవరూ దాటలేదు. డీడీఎల్‌జేకి సరిగ్గా ఏడాది ముందు '1942: ఎ లవ్ స్టోరీ' తొమ్మిది దాకా వచ్చి ఆగింది. మరుసటి ఏడాదే 24 ఏళ్ల కుర్రాడు ఆదిత్య చోప్రా మొదటి సినిమాతో పది కొట్టాడు.

తర్వాత 'దేవదాస్' దీని పక్కకి వచ్చి నిలబడింది. 2006లో సంజయ్ లీలా భన్సాలీ 'బ్లాక్' పదకొండుతో దాటేసింది. 2020లో 'గల్లీ బాయ్' పదమూడు తెచ్చుకుంది, 2025లో 'లాపతా లేడీస్' దాన్ని సమం చేసింది. అంటే డీడీఎల్‌జే ఇప్పుడు మొదటి స్థానంలో లేదు. "అత్యధిక ఫిల్మ్‌ఫేర్‌లు గెలిచిన సినిమా" అని ఇంకా ఎవరైనా పోస్ట్ పెడితే అది పాత మాట. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి, విభాగాల సంఖ్య కాలంతో పెరుగుతూ వచ్చింది. 1954లో ఫిల్మ్‌ఫేర్ మొదలైనప్పుడు మొత్తం విభాగాలే ఐదు. అందుకే 'మధుమతి' తొమ్మిదినీ 'గల్లీ బాయ్' పదమూడునీ ఒకే తక్కెడలో తూచడం నాకు నచ్చదు.

ఆ ఏడాది పోటీ ఎవరు? ఊరికే వచ్చేశాయా?

ఊరికే ఏమీ రాలేదు. ఉత్తమ చిత్రానికి 'కరణ్ అర్జున్', 'రాజా', 'అకేలే హమ్ అకేలే తుమ్', 'రంగీలా' బరిలో ఉన్నాయి. 'కరణ్ అర్జున్'లో కూడా షారుఖ్, కాజోల్ ఉన్నారు, అంటే ఒక రకంగా వాళ్లకి వాళ్లే పోటీ.

అసలు పోటీ మాత్రం 'రంగీలా'. మన రామ్ గోపాల్ వర్మ సినిమా. విజయవాడలో ఇంజినీరింగ్ చదివి, 'శివ' తీసి, బొంబాయి వెళ్లిన మనిషి అక్కడ ఏడు ఫిల్మ్‌ఫేర్‌లు పట్టుకొచ్చాడు. డీడీఎల్‌జేకి రావాల్సినవి అని జనం ఇప్పటికీ ఏడ్చేవాటిలో పెద్దవి రెండు 'రంగీలా' ఖాతాలోకే వెళ్లాయి. కథకి అవార్డు కూడా వర్మకే. కాబట్టి డీడీఎల్‌జే అవార్డుల కథలో తెలుగువాడి చెయ్యి ఉంది, కాకపోతే లాక్కున్న వైపు ఉంది.

ఇంత పెద్ద హిట్ పాటలకి సంగీతం అవార్డు ఎందుకు రాలేదు?

అందరికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. జతిన్-లలిత్ నామినేట్ అయ్యారు, అవార్డు మాత్రం 'రంగీలా'కి ఏ.ఆర్. రెహమాన్‌కి వెళ్లింది.

అన్యాయమా? నా మట్టుకు నేను సగం సగం అంటాను. డీడీఎల్‌జే పాటలు పెళ్లిళ్లలో ముప్పై ఏళ్లుగా మోగుతున్నాయి, హిందీ ముక్క రాని మా పిన్ని కూడా మాండలిన్ బిట్ వినగానే గుర్తు పట్టేస్తుంది. కానీ 1995లో మీరుంటే, క్యాసెట్ దుకాణం ముందు నిలబడి 'రంగీలా' టైటిల్ పాట మొదటిసారి వింటే, ఆ సౌండ్ అప్పటిదాకా హిందీ సినిమాలో లేదు. రెహమాన్ నేరుగా హిందీ సినిమాకే కట్టిన మొదటి పాటలవి, అంతకు ముందు హిందీవాళ్లు విన్నవి డబ్బింగ్ పాటలు. ఓటు వేసేవాళ్లకి కొత్తది కనపడింది, కొత్తదానికి వేశారు. బాధ ఏంటంటే, జతిన్-లలిత్ విడిపోయేదాకా ఎన్నిసార్లు నామినేట్ అయినా ఫిల్మ్‌ఫేర్ సంగీత దర్శకుడి అవార్డు ఒక్కసారి కూడా అందలేదు. అది మాత్రం అన్యాయమే.

లతా మంగేష్కర్‌కి ఎందుకు రాలేదు మరి?

ఆవిడ 1969 ప్రాంతంలోనే "నాకొద్దు, కొత్తవాళ్లకి ఇవ్వండి" అని ఫిల్మ్‌ఫేర్ పోటీ నుంచి తప్పుకున్నారు. ఆ ఏడాది గాయని అవార్డు కవితా కృష్ణమూర్తికి 'యారానా'లోని 'మేరా పియా ఘర్ ఆయా'కి వచ్చింది.

'తుఝే దేఖా తో' పాడింది కుమార్ సానూ కదా, అవార్డు ఉదిత్ నారాయణ్‌కి ఎలా వచ్చింది?

రెండు వేర్వేరు పాటలు. 'తుఝే దేఖా తో'కి గీత రచన అవార్డు, 'మెహందీ లగా కే రఖ్‌నా'కి గాయకుడి అవార్డు. దీని వెనక ఒక తమాషా ఉంది. కుమార్ సానూ అప్పటికి వరసగా ఐదేళ్లు ఫిల్మ్‌ఫేర్ గెలిచి ఉన్నాడు, 'ఆషికీ' నుంచి '1942' దాకా. ఆ వరస తెగింది డీడీఎల్‌జే పాటతోనే. ఆయన పాట కూడా ఉన్న సినిమాలో, పక్క పాట వచ్చి ఆయన్ని ఆపేసింది. ఉదిత్‌కి ఇది రెండోది. మొదటిది 'ఖయామత్ సే ఖయామత్ తక్'లో 'పాపా కెహతే హై'కి.

ఈ గాయకుడి విభాగంలో మనకి ఒక గర్వకారణం కూడా ఉంది, సందర్భం వచ్చింది కాబట్టి చెప్తాను. 'మైనే ప్యార్ కియా'లో 'దిల్ దీవానా'కి మన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ఇదే అవార్డు అందుకున్నారు.

ఆనంద్ బక్షీకి ఇది ఎన్నోది?

మూడోది. రెండోది 'ఏక్ దూజే కే లియే'లో 'తేరే మేరే బీచ్ మే' పాటకి. ఆ సినిమా మన 'మరో చరిత్ర'కి హిందీ రూపం, ఆ పాట పాడినందుకే బాలుగారికి నేషనల్ అవార్డు వచ్చింది. అక్కడి నుంచి డీడీఎల్‌జే దాకా దాదాపు పద్నాలుగేళ్లు బక్షీ సాబ్‌కి ఫిల్మ్‌ఫేర్ లేదు. మొదటి సినిమా తీస్తున్న కుర్ర దర్శకుడితో కూర్చుని మళ్లీ కొట్టాడు. నాలుగోది 'తాళ్'కి.

నేషనల్ అవార్డు వచ్చిందా?

వచ్చింది, ఒకటి. 43వ జాతీయ అవార్డుల్లో "ఆరోగ్యకరమైన వినోదం అందించిన ఉత్తమ ప్రజాదరణ చిత్రం". పేరు పొడుగ్గా ఉన్నా స్వర్ణకమలం ఇచ్చే విభాగం ఇది. ముందు ఏడాది 'హమ్ ఆప్‌కే హై కౌన్'కి, దాని ముందు ఏడాది యశ్ చోప్రా 'డర్'కి ఇచ్చారు. 'డర్'లో ఆరోగ్యకరమైన వినోదం ఎక్కడుందో నన్ను అడక్కండి.

మన సినిమాల్లో ఇదే అవార్డు 'శంకరాభరణం'కి వచ్చింది, చాలా ఏళ్ల తర్వాత 'బాహుబలి 2'కి, ఆ తర్వాత 'ఆర్ఆర్ఆర్'కి వచ్చింది. డీడీఎల్‌జేకి ఇచ్చిన ఆ 43వ అవార్డుల్లోనే ఉత్తమ తెలుగు చిత్రంగా కె.ఎస్. సేతుమాధవన్ 'స్త్రీ' నిలిచింది, పాలగుమ్మి పద్మరాజు 'పడవ ప్రయాణం' కథ ఆధారంగా తీసింది. రెండూ ఆడదాని ఇష్టం గురించిన సినిమాలే. ఒకటి ముంబైలో ఇంకా ఆడుతోంది, రెండోది వెతికినా దొరకడం కష్టం.

షారుఖ్‌కి దీనికి నేషనల్ అవార్డు రాలేదా?

లేదు. ఆయనకి ఉత్తమ నటుడిగా మొదటి జాతీయ అవార్డు 2025లో ప్రకటించారు, 'జవాన్'కి, విక్రాంత్ మాస్సేతో కలిపి. డీడీఎల్‌జే వచ్చిన ముప్పై ఏళ్లకి. పందెం కాసిన మా మూడోవాడు ఇది చదువుతున్నాడనుకుంటా, బిర్యానీ బాకీ ఉంది.

ఫిల్మ్‌ఫేర్ లెక్కలో అయితే డీడీఎల్‌జే ఆయనకి ఉత్తమ నటుడిగా రెండోది, మొదటిది 'బాజీగర్'. మొత్తం ఎనిమిది, దిలీప్ కుమార్‌తో సమానం. కాజోల్‌కి ఉత్తమ నటిగా ఇదే మొదటిది, తర్వాత ఇంకో నాలుగు వచ్చాయి.

ఆమిర్ ఖాన్ అవార్డు ఫంక్షన్లకి రాకపోవడానికి ఈ సినిమానే కారణమా?

'రంగీలా'లో మున్నా పాత్రకి ఆమిర్ నామినేట్ అయ్యాడు, షారుఖ్ గెలిచాడు. ఆ రోజుల నుంచే ఆమిర్ ఇలాంటి ఫంక్షన్లకి దూరంగా ఉంటున్నాడు. అభిమానులు రెండిటికీ ముడి పెడతారు. కారణం అదొక్కటే అని మాత్రం నేను అనను. కానీ ఒకటి చెప్పాలి, బ్లాక్ టికెట్లు అమ్ముకునే మున్నా పసుపు రంగు సూట్ వేసుకుని ఫైవ్ స్టార్ హోటల్‌కి వచ్చే సీన్ మళ్లీ చూశాక, తీర్పు ఇటు కాకుండా అటు వచ్చినా తప్పు పట్టేవాణ్ణి కాదు.

ఫరీదా జలాల్ పాత్ర చిన్నదే కదా, ఆమెకి ఎందుకు?

చిన్నదని ఎవరన్నారు? కాజోల్ చేసిన సిమ్రన్ పాత్రకి అమ్మ, లజ్జో. ఒక సీన్ చెప్తాను, చాలు. కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని తన చిన్నప్పటి సంగతి చెప్తుంది: ఆడా మగా ఒకటే అని ఇంట్లో అనేవాళ్లు, కానీ పెద్దయ్యాక అన్నదమ్ముల చదువు కోసం తన చదువు మాన్పించారు. అప్పుడు ఒట్టు పెట్టుకుంది, నా కూతురికి మాత్రం ఇలా జరగనివ్వను అని. ఇక్కడిదాకా మామూలు డైలాగే. తర్వాతే దెబ్బ కొడుతుంది. ఆడదానికి ఒట్టు పెట్టుకునే హక్కు కూడా లేదని అప్పుడు మర్చిపోయాను అంటుంది. ఏడవకుండా, గొంతు పెంచకుండా. అన్నీ చెప్పి చివరికి కూతుర్ని ఏమడుగుతుంది? ఆ అబ్బాయిని మర్చిపో అని. సంభాషణలకి అవార్డు ఎందుకొచ్చిందో కూడా ఇక్కడే తెలుస్తుంది.

ఆ తర్వాత అదే అమ్మ నగల మూట తెచ్చి హీరో రాజ్ (షారుఖ్) చేతిలో పెట్టి "దీన్ని తీసుకుని వెళ్లిపో" అంటుంది. మనసు మార్చుకోవడానికి సినిమాలో ఆవిడకి పెద్దగా సమయం ఇవ్వలేదు, అయినా మనం నమ్ముతాం. సహాయ నటి అవార్డు అంటే ఇదే కదా.

అనుపమ్ ఖేర్‌ది హాస్య పాత్రా? ఆయన తండ్రి కదా?

తండ్రే. కొడుకు లండన్‌లో డిగ్రీ ఫెయిలైతే గోడ మీద ఉన్న తాతముత్తాతల ఫొటోలు చూపించి, వీళ్లంతా ఫెయిలైనవాళ్లే, వంశం పరువు నిలబెట్టావు అని సంబరపడే తండ్రి. ఆయన ఈ హాస్య అవార్డు మొత్తం ఐదుసార్లు గెలిచాడు. తర్వాతి కాలంలో ఆ విభాగాన్నే ఎత్తేశారు. ఇప్పటి పిల్లలకి ఆయన్ని 'కార్తికేయ 2'లో కళ్లు కనపడని ధన్వంతరిగా చెప్తే వెంటనే గుర్తొస్తారు.

దుస్తులకి, డ్యాన్స్‌కి ఏమైనా వచ్చాయా?

రాలేదు. కాస్ట్యూమ్ అవార్డు మనీష్ మల్హోత్రాకి వచ్చింది, కానీ 'రంగీలా'కి. డీడీఎల్‌జేలో 'మెహందీ' పాటకి కాజోల్ వేసుకున్న ఆకుపచ్చ లెహెంగా కూడా ఆయన పనే, అందుకని ఆయనకి ఎటు వచ్చినా ఒకటే. డ్యాన్స్ కూడా 'రంగీలా' పాటకే, అహ్మద్ ఖాన్‌కి.

క్రిటిక్స్ అవార్డు?

అది మణిరత్నం 'బొంబాయి'కి. నటనకి క్రిటిక్స్ అవార్డు కూడా అదే సినిమాకి మనీషా కొయిరాలాకి. డీడీఎల్‌జే జనం సినిమాగానే గెలిచింది.

ఆస్కార్‌కి వెళ్లిందా?

లేదు. ఆ ఏడాది భారత్ తరఫున పంపింది కమల్ హాసన్ తమిళ సినిమా 'కురుదిప్పునల్'. తెలుగులో 'ద్రోహి'గా చూసి ఉంటారు.

జీ సినీ, ఐఫా అవార్డులు ఎన్ని?

సున్నా. అవి అప్పటికి పుట్టలేదు. జీ సినీ అవార్డులు 1998లో, ఐఫా 2000లో మొదలయ్యాయి. "ఐఫాలో స్వీప్ చేసింది" అని ఎవరైనా రాస్తే నవ్వి ఊరుకోండి.

ముంబై మరాఠా మందిర్ థియేటర్‌లో వెయ్యి వారాలు ఆడటం అవార్డు కిందకి వస్తుందా?

కాగితం మీద రాదు. కానీ 2014 డిసెంబర్‌లో వెయ్యి వారాలు పూర్తి చేసుకుంది, ఆ తర్వాత కూడా ముంబై సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఆ హాల్లో ఉదయం పదకొండున్నర ఆట నడుస్తూనే ఉంది. ఊరెళ్లే బండికి టైముందని సూట్‌కేసుతో వచ్చి కూర్చునేవాళ్లు ఉంటారట, సినిమాలోనూ క్లైమాక్స్ రైల్వే స్టేషనే కదా. అలాగే లండన్ లీసెస్టర్ స్క్వేర్‌లో రాజ్, సిమ్రన్‌ల కంచు విగ్రహం 2025లో పెట్టారు. అదీ అవార్డు కాదు, కానీ ట్రోఫీ కంటే పెద్దది.

రావాల్సి ఉండి రాని అవార్డు ఒక్కటి చెప్పమంటే?

అమ్రీష్ పురీ. సంగీతం గురించి అందరూ గొడవ పడతారు, నేను మాత్రం దీని గురించే పడతాను. 'జగదేక వీరుడు అతిలోక సుందరి'లో మహాద్రష్టగా, 'ఆదిత్య 369'లో విలన్‌గా మనల్ని భయపెట్టిన మనిషి, ఇక్కడ బల్‌దేవ్ సింగ్. పొద్దున్నే లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పావురాలకి గింజలు వేస్తూ మొదలవుతాడు, ఇన్నేళ్లయినా ఈ దేశం నాది కాలేదని మనసులో అనుకుంటూ. విలన్ కాదు, హీరో కాదు, తన ఇల్లు తన చేతిలోంచి జారిపోతోందని భయపడే తండ్రి. నామినేట్ అయ్యాడు, కానీ అవార్డు 'రంగీలా'కి జాకీ ష్రాఫ్‌కి వెళ్లింది. జాకీకి ముందు ఏడాదే '1942'కి ఇదే విభాగంలో ఒకటి ఇచ్చి ఉన్నారు. పురీ సాబ్‌కి మరుసటి ఏడాది 'ఘాతక్'కి, ఆ పై ఏడాది 'విరాసత్'కి ఇచ్చారు, అంటే ఆయన పనితనం వాళ్లకి తెలియక కాదు.

చివరి సీన్ ఇంకోసారి చూడండి, ఈసారి షారుఖ్‌ని చూడకుండా. రైలు కదులుతుంది, తలుపు దగ్గర రాజ్, ప్లాట్‌ఫాం మీద సిమ్రన్ మణికట్టు తండ్రి పిడికిట్లో. అమ్మాయి "వదలండి బాబూజీ" అని లాగుతుంటే ఆయన కళ్లు ముందు రైలు మీద ఉంటాయి, తర్వాత కూతురి మీదకి వస్తాయి. ఆ తర్వాతే వేళ్లు వదులవుతాయి.